క్లూగర్‌తో కారవాన్ లాగుతూ సిడ్నీ నుంచి బైరాన్ బే: ఇద్దరు చిన్నపిల్లలతో 9 రాత్రుల్లో అవుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఉండేది పశ్చిమ సిడ్నీలో, కారు టొయోటా క్లూగర్. పాపకి ఐదేళ్లు, బాబుకి రెండేళ్లు, గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు తోడు. ఏప్రిల్ స్కూల్ సెలవుల్లో 9 రాత్రులు చేతిలో ఉన్నాయి. 20 అడుగుల బంక్ కారవాన్ అద్దెకి తీసుకుని బైరాన్ బే దాకా తీరం వెంట వెళ్లి రావాలని ఆలోచన. మోటార్‌హోమ్ (ఇల్లూ ఇంజనూ ఒకే బండిలో ఉండేది) మేలా, కారు వెనక లాగే కారవాన్ మేలా, రోజుకి ఎంత దూరం, మన వంట కుదురుతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. మీకు కారవానే మేలు. కానీ ఆ 20 అడుగుల బంక్ వ్యాన్ మీ కారు లాగదగ్గది కాదు, బైరాన్ కూడా ఈసారికి వదిలేయండి. ఏటీఎం (సామానుతో సహా గరిష్ఠ బరువు) 1,900 కిలోల లోపున్న చిన్న పాప్‌టాప్ (పైకప్పు పైకి లేచే కారవాన్) తీసుకుని మూడే మూడు చోట్ల దిగండి. లేదూ, పెద్ద బంక్ వ్యానే కావాలంటే అద్దెకిచ్చేవాళ్లచేత మీరు దిగే కారవాన్ పార్కులోకే తెప్పించి నిలబెట్టించుకోండి. చాలామంది ఆ పని చేసిపెడతారు. మీరు కారులో హాయిగా వెళ్లి తాళం తీసుకోవడమే. మొదటిసారి, పైగా పిల్లలతో, నన్నడిగితే ఇదే ఎక్కువ నచ్చే దారి.

ఇక లెక్క. క్లూగర్ బ్రేకులున్న ట్రైలర్‌ని లాగగలిగేది 2,000 కిలోలు. కారవాన్ మీద ప్లేటు ఉంటుంది. దాని మీద 'టేర్' అంటే ఖాళీ బరువు, 'ఏటీఎం' అంటే సామాను, నీళ్లు, గ్యాస్ అన్నీ కలుపుకుని వ్యాన్ ఉండదగ్గ గరిష్ఠ బరువు. బంక్ బెడ్లు, లోపలే షవర్, టాయిలెట్ ఉన్న 20 అడుగుల ఫ్యామిలీ వ్యాన్‌కి ఖాళీ బరువే 2,000 దాటుతుంది, ఏటీఎం 2,500 నుంచి 3,000 దాకా పోతుంది. 'ఖాళీగా తీసుకెళ్తాం కదా' అంటే కుదరదు. బరువు దాటితే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ మొదట చూసేది అదే. (రావ్4 ఉన్నవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక మాట: 2019లో వచ్చిన తరం రావ్4 హైబ్రిడ్‌లో ఆల్‌వీల్ డ్రైవ్ 1,500 కిలోలు లాగుతుంది, టూవీల్ డ్రైవ్ 480 మాత్రమే. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.)

చాలామంది మరిచిపోయేది టో బాల్ (కారవాన్ తగిలించే కారు వెనక గుండు) మీద పడే బరువు. నిండిన కారవాన్ బరువులో దాదాపు పదోవంతు ముందు కొక్కెం మీద పడాలి. 1,900 కిలోల వ్యాన్‌కి అది 190 కిలోలు. ఆ 190 కారు మోసే బరువు కింద లెక్కకి వస్తుంది. ముగ్గురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, రెండు చైల్డ్ సీట్లు, డిక్కీలో బ్యాగులు కలిపితే 300 పైమాటే. దానికి 190 కలిపితే 500 దాటింది. మీ మోడల్ హ్యాండ్‌బుక్‌లో జీవీఎం (నిండిన కారుకి గరిష్ఠ బరువు)లోంచి కర్బ్ వెయిట్ (ఖాళీ కారు బరువు) తీసేస్తే ఎంత మిగులుతుందో చూసుకోండి. టో బార్ ప్లేటు మీద బాల్ బరువు పరిమితి వేరుగా రాసి ఉంటుంది, అది కూడా చూడండి. అనుమానం ఉంటే పబ్లిక్ వెయిబ్రిడ్జ్ మీదికి ఎక్కించి తూయించండి, పది నిమిషాల పని.

నీళ్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. లీటరు అంటే కిలో. రెండు ట్యాంకులు నింపితే 160–190 కిలోలు ఊరికే మోస్తారు. మీరు దిగేది కొళాయి ఉన్న పార్కులో, కాబట్టి దారిలో చేతులు కడుక్కోవడానికి సరిపడా ఉంచి మిగతాది వదిలేయండి. బియ్యం బస్తా, పచ్చళ్ల డబ్బాలు, మడత కుర్చీలు ఇరుసు మీదో, కొంచెం ముందుకో పెట్టండి. వెనక బంపర్ మీద పిల్లల సైకిళ్లు తగిలించకండి. వెనక బరువెక్కితే ముందు బాల్ తేలికై వ్యాన్ తోక ఊగడం మొదలెడుతుంది.

ఆ ఊగుడు పసిఫిక్ హైవే మీద ఎక్కువగా వచ్చేది పెద్ద ట్రక్కు పక్కనుంచి దాటినప్పుడు, లేదా పల్లంలో వేగం పెరిగినప్పుడు. అప్పుడు కాలు కారు బ్రేక్ మీదికి పోతుంది. అది తప్పు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, డాష్‌బోర్డు దగ్గరున్న బ్రేక్ కంట్రోలర్ మీట చేత్తో నొక్కండి. కారవాన్ బ్రేకులు మాత్రమే పడి వ్యాన్ వెనక్కి లాగినట్టై సర్దుకుంటుంది. అందుకే ఆ కంట్రోలర్ ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వెళ్లేలా బయల్దేరే ముందే అలవాటు చేసుకోవాలి. మీ కారులో కంట్రోలర్ లేకపోతే బిగించాలి, లేదా అద్దె వ్యాన్‌తోపాటు తాత్కాలికంగా తగిలించేది ఇస్తారేమో అడగాలి. న్యూ సౌత్ వేల్స్‌లో 750 కిలోలు దాటిన ఏ ట్రైలర్‌కైనా బ్రేకులు ఉండాల్సిందే. హైవే మీద 90 దాటకండి. బోర్డు మీద 110 రాసి ఉన్నా అది మీకోసం కాదు అనుకోండి.

మోటార్‌హోమ్ ఎందుకు వద్దంటున్నానంటే, అందులో చైల్డ్ సీటు బిగించే టాప్ టెథర్ కొక్కేలు అన్ని సీట్లకీ ఉండవు. ఆరుగురు పడుకునే బండిలో కూడా పిల్లల సీట్లు పట్టేది రెండు చోట్లే కావచ్చు, అవి డ్రైవర్‌కి దూరంగా ఉంటాయి. పైగా పాలు అయిపోతే ఇల్లంతా సర్దుకుని, కరెంటు తీగ పీకి, బండి కదిలించి కొట్టుకి వెళ్లాలి. కారవాన్ అయితే దాన్ని అక్కడే వదిలి కారులో తిరుగుతారు.

కారులో కూర్చోవడం గురించి: రాష్ట్ర చట్టం ప్రకారం రెండేళ్ల బాబుకి లోపలే హార్నెస్ ఉన్న సీటు ఉండాలి, వెనక వరుసలోనే. నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య ఉన్న పాపకి హార్నెస్ సీటో, బూస్టరో ఉండాలి, తనూ వెనకే. రెండో వరుసలో రెండు సీట్లు బిగిస్తే మూడో వరుసలోకి దూరడం పెద్దవాళ్లకి నరకం. అత్తగారిని ముందు కూర్చోబెట్టి మీలో ఒకరు పిల్లల దగ్గర కూర్చోండి. కదులుతున్న కారవాన్‌లో ఎవరూ ఉండకూడదు. బాబు నిద్రపోతున్నాడు కదా అని బంక్ మీద పడుకోబెట్టి నడిపేవాళ్లు ఉన్నారు. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా. రాత్రిళ్లు పై బంక్ మీద తొమ్మిదేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టకూడదు, అంటే మీ పిల్లలిద్దరూ కిందే.

దారి. మీ ప్లాన్‌లో బైరాన్‌కి పోను 770, రాను 770. దాన్ని 9 రాత్రుల్లో ఇరికిస్తే పిల్లలకి గుర్తుండేది కారు సీటే. తీరం మీద ఎన్ని ఊళ్లు చూశారన్నది లెక్క కాదు, ఒకే చోట వరసగా ఎన్ని రాత్రులు ఉన్నారన్నదే లెక్క. కదిలిన ప్రతి రోజూ పొద్దున సర్దడానికి రెండు గంటలు, సాయంత్రం దించడానికి గంటన్నర పోతుంది. పార్కుల్లో ఖాళీ చేయాల్సింది సాధారణంగా 10 గంటలకి, లోపలికి రానిచ్చేది 2 తర్వాత. ఆ మధ్య నాలుగు గంటలూ రోడ్డు మీద గడపాలి కాబట్టి ఒక విడతకి 250–300 కిలోమీటర్లు ఒంటికి పట్టే దూరం.

నేనైతే ఇలా వేస్తాను: మొదట ఫోర్‌స్టర్‌లో 3 రాత్రులు, తర్వాత యురంగాలో 4, తిరుగు దారిలో పోర్ట్ మాక్వారీలో 2.

ఫోర్‌స్టర్ దాదాపు 300 కిలోమీటర్లు. హాక్స్‌బరీ నది దగ్గర ఎగుడు దిగుడులు బాగా ఉంటాయి. ఎడమ లేన్ పట్టుకుని, దిగేటప్పుడు చిన్న గేర్‌లో దిగండి, బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కిపోతుంది. నావిగేషన్ మిమ్మల్ని బులాడీలా దగ్గర లేక్స్ వే మీదికి తిప్పాలని చూస్తుంది. అందమైన రోడ్డే, కానీ మలుపులూ ఎక్కుళ్లూ ఎక్కువ, కొత్తగా లాగేవాళ్లకి కాదు. హైవే మీదే నేబియాక్ దాకా వెళ్లి ఫెయిల్‌ఫోర్డ్ రోడ్డు మీదుగా టంకరీ వైపు దిగండి. అక్కడ అలలు లేని నీళ్లు ఉన్నాయి: ఫోర్‌స్టర్‌లో సముద్రపు నీటి ఓషన్ బాత్స్, టంకరీ వైపు రాక్ పూల్. రెండేళ్ల బాబుకి సర్ఫ్ బీచ్ కంటే ఇవే మేలు.

యురంగా అక్కణ్ణుంచి 230–240. కలాంగ్, బెలింజర్ నదులు కలిసే చోటు. మడ అడవుల మీదుగా సముద్రం దాకా చెక్క వంతెన వేశారు, ప్రామ్ నడుస్తుంది, అత్తగారూ నడవగలరు. నది అంచున నీళ్లు నిశ్చలంగా కనిపించినా ఆటు పోట్ల వేళ చూసుకోండి. నీరు తీసేటప్పుడు నదీముఖం వైపు లాగుడు బలంగా ఉంటుంది. కాఫ్స్ హార్బర్ ఇక్కణ్ణుంచి అరగంట లోపే, కారులో వెళ్లి రావచ్చు. 1964లో కట్టిన బిగ్ బనానా, జెట్టీ దగ్గరి బీచ్ అక్కడే. ఇంకొంచెం పైకి వెళ్తే వుల్గూల్గా. అరటి తోటల కాలం నుంచీ స్థిరపడ్డ పంజాబీ సిక్కు కుటుంబాల ఊరు, కొండ మీద తెల్లటి గురుద్వారా. అత్తగారు శాకాహారి అయితే లంగర్ (గురుద్వారాలో పెట్టే ఉచిత భోజనం) ఎప్పుడుంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఒక పూట వంట తప్పుతుంది.

పోర్ట్ మాక్వారీలో 1973 నుంచీ నడుస్తున్న కోలా హాస్పిటల్ ఉంది. గాయపడ్డ కోలాలని దగ్గరగా చూడొచ్చు, ఐదేళ్ల పాపకి ఇంతకంటే ఏం కావాలి. చివరి రోజు 390 కిలోమీటర్లు, అదొక్కటే ఎక్కువ. పొద్దున్నే బయల్దేరి రెండు పెద్ద విరామాలు తీసుకోండి. సెలవుల ఆఖరి ఆదివారం మాత్రం పెట్టుకోకండి, న్యూకాసిల్ దాటాక సిడ్నీ దాకా కార్లు పాకుతుంటాయి.

బైరాన్ చూసి తీరాల్సిందే అని ఇంట్లో పట్టుదల ఉంటే, వేరే సెలవుల్లో బలీనాకి విమానంలో వెళ్లి, కారు అద్దెకి తీసుకుని, బ్రన్స్‌విక్ హెడ్స్‌లో దిగండి. అక్కడి టొరకీనా బీచ్ పిల్లలకి బైరాన్ మెయిన్ బీచ్ కంటే భద్రం, బైరాన్ లైట్‌హౌస్ అరగంట దూరం.

ఇప్పుడు కొక్కెం తగిలించడం. ఇదొక్కటి నిదానంగా చదవండి. కారు వెనక్కి తెచ్చి బాల్ మీదికి కప్లింగ్ (బాల్‌ని పట్టుకునే వ్యాన్ ముందు భాగం) దించి, లాక్ పడిందనుకున్నాక ఆగకూడదు. జాకీ వీల్‌ని (వ్యాన్ ముందున్న చిన్న చక్రం) మళ్లీ కిందికి తిప్పండి, కారు వెనక భాగం మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి లేవాలి. లేచిందంటే లాక్ నిజంగా పట్టింది. కప్లింగ్ ఊడి పైకొచ్చిందంటే పట్టలేదు. తర్వాత సేఫ్టీ చైన్ రేటెడ్ షాకిల్‌తో బిగించి, కరెంటు ప్లగ్ పెట్టి, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు ఒకరు వెనక నిలబడి చూడాలి. జాకీ వీల్ పూర్తిగా పైకెత్తి తీసేయాలి, నాలుగు మూలల కాళ్లూ పైకి ఉండాలి, పైకప్పు కిటికీలు మూసి, గ్యాస్ సిలిండర్ కట్టేసి, ఫ్రిజ్ తలుపు గొళ్లెం వేసి, మెట్టు మడిచి, కారవాన్ హ్యాండ్‌బ్రేక్ దించి, అప్పుడు కదలండి. ఈ పని చేసేటప్పుడు ఎవరూ మాట్లాడించకూడదు. పిల్లలు అప్పటికే కారులో కట్టేసి ఉండాలి, నానమ్మ దగ్గర.

ఖాళీగా ఉన్న చోట 20 వేగంలో కంట్రోలర్ నొక్కి చూడండి. వ్యాన్ వెనక నుంచి పట్టి లాగినట్టు ఉండాలి, చక్రాలు బిగుసుకుని ఈడ్చుకోకూడదు. మొదటి 50–100 కిలోమీటర్లకి ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో చూడండి. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరుడి గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించినా సరే, నట్లు చూడాల్సిందే.

దిగాక ముందు అడ్డంగా సమం చేయాలి, పల్లంగా ఉన్న చక్రం కింద ర్యాంప్ పెట్టి. ఇది కారు విప్పక ముందే. తర్వాత చక్రాలకి అడ్డు దిమ్మలు, అప్పుడు కారు విప్పడం, జాకీ వీల్‌తో ముందూ వెనకా సమం చేయడం, ఆఖరున మూల కాళ్లు. ఆ కాళ్లతో వ్యాన్‌ని ఎత్తకండి, అవి ఊపు ఆపడానికే, వంగిపోతాయి. వెనక్కి నడపడానికి చిట్కా: స్టీరింగ్‌ని కింది వైపు పట్టుకోండి. వ్యాన్ వెనక భాగం ఏ వైపు పోవాలో చెయ్యి ఆ వైపు జరపండి. పార్కులో బుక్ చేసేటప్పుడే డ్రైవ్‌త్రూ సైట్ (నేరుగా నడిపి లోపలికి వెళ్లేది) ఉందా అని అడిగితే ఈ గోల ఉండదు.

వంట. పవర్డ్ సైట్ (కరెంటు ఉన్న చోటు)లో 15 ఆంప్స్, అంటే సుమారు 3,500 వాట్లు. ఏసీ వెయ్యికి పైన తింటుంది, కెటిల్ రెండు వేలకి పైన, ఇండక్షన్ రెండు వేలు. మూడూ కలిస్తే బ్రేకర్ పడిపోతుంది. రైస్ కుక్కర్ 500–700 వాట్లే, దాంతో ఇబ్బంది లేదు. పప్పుకి మూడు లీటర్ల చిన్న కుక్కర్ తెచ్చుకోండి, పెద్దది కారవాన్ పొయ్యి మీద నిలవదు. పోపులూ వేపుళ్లూ లోపల వద్దు. పొగ అలారం మోగుతుంది, పరుపులకి ఇంగువ వాసన పట్టిందంటే డిపాజిట్‌లోంచి కోస్తారు. ఆనింగ్ (వ్యాన్ పక్కకి విప్పే గుడ్డ పందిరి) కింద బయట చిన్న పొయ్యి పెట్టుకోండి, లేదా పార్కు క్యాంప్ కిచెన్ వాడండి. వానొచ్చినా సరే బొగ్గుల కుంపటి లోపలికి తేకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇడ్లీ పిండి తెస్తే డబ్బా సగానికే నింపండి. దారి కుదుపుకీ ఎండకీ పొంగి ఫ్రిజ్ అంతా పాకుతుంది. బ్యాటరీ కరెంటూ ప్లగ్ కరెంటూ గ్యాసూ మూడింటితోనూ నడిచే ఫ్రిజ్ అయితే చల్లబడటానికి చాలాసేపు పడుతుంది, ముందు రోజే ఆన్ చేయించండి. మొదటి రోజు దారికి పులిహోర, పెరుగన్నం ఇంట్లోనే కలుపుకోండి.

టాయిలెట్ క్యాసెట్ 18–20 లీటర్లు. ఐదుగురు వాడితే రోజూ పారబోయాలి, అందుకని రాత్రిళ్లకీ, బాబుకీ మాత్రమే ఉంచి మిగతావాళ్లు పార్కు బాత్‌రూములు వాడండి. తడి వైప్స్ అందులో వేయకండి, రబ్బరు సీల్ దగ్గర ఇరుక్కుంటాయి. డంప్ పాయింట్ (క్యాసెట్ పారబోసే చోటు) దగ్గర వంచేటప్పుడు గాలి బటన్ నొక్కి పట్టుకోండి, లేకపోతే గుడగుడమంటూ కాళ్ల మీద చిందుతుంది.

ఏప్రిల్‌లో సముద్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది, కానీ ఆ తీరంలో వానలూ ఉంటాయి. ఆనింగ్‌కి ఒక వైపు కాలు దించి వాలుగా పెట్టండి, లేకపోతే నీళ్లు నిలిచి గుడ్డ చిరుగుతుంది. రాత్రీ, బయటికెళ్లేటప్పుడూ చుట్టేయండి. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత సాయంత్రం ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. రోడ్డు పక్క కంగారూలు బయటికొచ్చే వేళ అదే, మూడింటికల్లా దిగిపోండి.

బీచ్‌లో ఎరుపు పసుపు జెండాల మధ్యే. అలలు విరగకుండా ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపించే దారి రిప్, అంటే మనుషుల్ని సముద్రంలోకి లాక్కుపోయే ప్రవాహం. మనవాళ్లు 'ఇక్కడ అలలు లేవు, పిల్లలకి మంచిది' అని సరిగ్గా అందులోకే దిగుతారు. జెండాలు లేవంటే నీళ్లలోకి వద్దు, ఇసుకలో ఆడుకోనివ్వండి. ఈశాన్యపు గాలి వీచిన రోజుల్లో నీలం రంగు బ్లూబాటిల్స్ (జెల్లీఫిష్ లాంటి కుట్టే జీవులు) ఒడ్డుకొస్తాయి. కుడితే తీగలు తీసేసి, సముద్రపు నీటితో కడిగి, పిల్ల ఓర్చుకునేంత వేడి నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి, వేడి ముందు మీ చేతి మీద చూసుకోండి. వెనిగర్ దీనికి కాదు. పొదల్లో ఆడొచ్చాక తలలో, చెవుల వెనక టిక్స్ (పిడుదులు) ఉన్నాయేమో వెతకండి. ఉంటే గిల్లి లాగకండి, ఫార్మసీలో దొరికే గడ్డకట్టించే స్ప్రే కొట్టి చచ్చాక రాలనివ్వాలి.

ఈస్టర్ చుట్టూ చాలా పార్కులు కనీస రాత్రుల నిబంధన పెడతాయి, మంచి సైట్లు నెలల ముందే పోతాయి. కాబట్టి ముందు సైట్లు బుక్ చేసి, తర్వాత వ్యాన్ వెతకండి. అద్దెవాళ్లని అడగాల్సినవి: ప్లేటు మీద ఏటీఎం, టేర్ ఎంతో ఫోటో పంపమనండి. బాల్ బరువు, ప్లగ్ ఏడు పిన్నులదా పన్నెండు పిన్నులదా, గుండ్రటిదా ఫ్లాట్‌దా, టైర్లు ఏ ఏడాదివి, టోయింగ్ అద్దాలు ఇస్తారా, బీమా ఎక్సెస్ (నష్టంలో మీరు భరించాల్సిన వాటా) ఎంత అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. ఫోటో పంపడానికి నసిగితే ఇంకొకరిని చూసుకోండి. మీ కారు బీమా కంపెనీకి కూడా కారవాన్ లాగుతున్నామని ఒక మెయిల్ పెట్టండి.